హెల్మెట్ తీసి మాట్లాడు

ఇక్కడికే

రోడ్డు మీద బండి ఆపితే ఎవరైనా ముందు అనే మాట ‘ఇక్కడికేనండి’. చోడవరంలో నేను ఆపిన బళ్లన్నీ ఇక్కడికే వెళ్తుండేవి. దేవరాపల్లి వెళ్లేవాడూ ఇక్కడికే, కె.కోటపాడు వెళ్లేవాడూ ఇక్కడికే. ఒకసారి ఒకాయన భార్యనీ, ఇద్దరు పిల్లల్నీ, పెళ్లిలో చదివించడానికి కొన్న స్టీలు బిందెనీ బండి మీద సర్దుకుని వస్తుంటే ఆపాను. ఎక్కడికయ్యా అంటే, ‘ఇక్కడికేనండి, గాజువాక’ అన్నాడు. గాజువాకంటే అక్కణ్ణుంచి గంట పైన దారి. నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఖాకీలో ఉన్నవాడు నవ్వితే వదిలేశాడని అర్థం.

నేను కానిస్టేబుల్‌గా చేరి హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయినవాణ్ణి. ఊళ్లో అందరికీ హెడ్డుగారిని. ఈ చుట్టుపక్కల చాలా స్టేషన్లు తిరిగాను గానీ ఎక్కువ కాలం నిలబడింది చోడవరం జంక్షన్లోనే. దొంగల ముఠాని పట్టుకున్న కథలు నా దగ్గర లేవు. నా సర్వీసులో సగం మోటారు సైకిళ్లకి చెయ్యి అడ్డం పెట్టడంతోనే గడిచిపోయింది. కొత్తగా ఉద్యోగంలో చేరి ఎండలో నిలబడబోయేవాళ్ల కోసం, ట్రైనింగులో ఎవరూ చెప్పని నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను.

‘హెల్మెట్ పెట్టుకోకపోతే పోయేది వాడు, మధ్యలో నీకేంటి?’ అని మిమ్మల్ని చాలామంది అడుగుతారు. మీ బావమరిది అడుగుతాడు, మీకు జుట్టు కత్తిరించేవాడు అడుగుతాడు. నన్నూ అడిగారు. అందరికీ ‘రూల్ అండి’ అని చెప్పి తప్పించుకున్నాను. ఒక్క మనిషికి మాత్రం సరైన జవాబు చెప్పాలనిపించింది. ఎలాగైనా ఆ మనిషి చేత హెల్మెట్ పెట్టించాలని పట్టుబట్టాను. ఇందులో ఎక్కువ భాగం అతని గురించే.

ఎండ తప్ప మాట లేదు

ఈ ఉద్యోగంలో చేరితే ముందు పోయేది నిద్ర అనుకుంటారు. నిద్ర అలవాటవుతుంది. పోయేవి కబుర్లు. టీ కొట్టు దగ్గర పదిమంది చేతులూపుకుంటూ ఏదో గట్టిగా చెప్పుకుంటూ ఉంటారు. మీరు వెళ్లి బల్ల మీద కూర్చోగానే మాట ఆగిపోతుంది. కాసేపటికి ఎవరో ఒకరు, ‘ఏటండి హెడ్డుగారూ, ఎండ పేల్సీస్తంది కదా’ అంటారు. అవునంటాను. ఇంకొకరు కూడా ఎండ సంగతే ఎత్తుతారు. ఇన్నేళ్లలో ఈ ఊరి జనం నాతో ఎండ గురించి మాట్లాడినంత ఇంకే విషయమూ మాట్లాడలేదు. వానాకాలంలో వాన గురించి మాట్లాడేవారు.

పెళ్లికి పిలిస్తే వెళ్లేవాణ్ణి. నేను వస్తున్నానని తెలిస్తే కుర్రాళ్లు బళ్లు పక్క వీధిలో పెట్టుకుని నడిచి వచ్చేవారు. భోజనాల దగ్గర నా పక్క కుర్చీ ఆఖరికి నిండేది. అదీ ఎవరో ఊరుగాని ఊరు నుంచి వచ్చి నన్నెరగనివాళ్లతో. మొదట్లో కోపం వచ్చేది. ఇదే జంక్షన్లో వాళ్ల పిల్లలు క్షేమంగా వెళ్లాలనే కదా నేను మాడిపోతున్నది అనుకునేవాణ్ణి. తర్వాత కోపం కూడా పోయింది.

మా ఆవిడ సత్యవతి ఉన్నంతకాలం ఇదంతా పెద్దగా పట్టించుకోలేదు. ఇంటికి వెళితే ఊరి కబుర్లన్నీ ఆవిడ దగ్గర ఉండేవి. మాకు పిల్లలు లేరు. ఆవిడ జబ్బు చేసి పోయాక ఒకరోజు పడుకోబోతూ, ఇవాళ నేను ఎవరితో ఏం మాట్లాడానా అని గుర్తు చేసుకుంటే ‘ఆపు’, ‘దిగు’, ‘వెళ్లు’ తప్ప ఇంకేమీ తట్టలేదు. చెప్పడానికి సిగ్గెందుకు, ఆ రోజు నాకు భయం వేసింది.

ఇంకో సంగతి కూడా తెలుసుకుని చేరండి. డాక్టరు బతికించినవాడు పళ్లు పట్టుకుని వచ్చి దండం పెడతాడు. మనం బతికించినవాడికి తాను బతికిన సంగతే తెలియదు. మనం ఆపి, తిట్టి, హెల్మెట్ కొనిపించిన మనిషి ఎప్పుడో ఎక్కడో జారిపడి, లేచి దులుపుకుని ఇంటికి పోతాడు. మన పేరు గుర్తుకు వస్తే తిట్టుకోవడానికే వస్తుంది. పోయినవాళ్లు మాత్రం పేర్లతో సహా మనకి గుర్తుండిపోతారు. మెప్పు కావాలనుకునేవాళ్లు వేరే ఉద్యోగం చూసుకోవడం మంచిది.

బుర్ర ఎవరిది

సూర్నారాయణ గోవాడ దగ్గర పల్లెలో చెరకు రైతు. నాకంటే నాలుగైదేళ్లు చిన్నవాడు. పాత బండి, తలకి తువ్వాలు, మోకాళ్ల దాకా ఎగ్గట్టిన పంచె. మొదటిసారి ఆపినప్పుడే తేడా తెలిసింది. ఎక్కడికి అంటే ‘ఇక్కడికే’ అనలేదు.

‘మీకెందుకండి?’ అన్నాడు.

‘హెల్మెట్ ఏది?’

‘లేదండి.’

‘మర్చిపోయావా?’

‘లేదండి. నానే ఒద్దనుకున్నాను. నా బుర్ర నా ఇష్టం.’

బతిమాలలేదు. ఎవరికీ ఫోన్ కలిపి నా చేతికి ఇవ్వలేదు. ఫైన్ కట్టేసి, తువ్వాలు బిగించుకుని వెళ్లిపోయాడు. మళ్లీ వారం అదే తువ్వాలుతో, అదే బండి మీద వచ్చాడు. మళ్లీ ఆపాను. మళ్లీ కట్టాడు. ఇలా కొన్నాళ్లు జరిగాక ఒక సాయంత్రం టీ కొట్టులో నేను ఒక్కణ్ణీ కూర్చున్న బల్ల మీదకి తనంతట తానే వచ్చి కూర్చున్నాడు. ఖాకీ బట్టల్లో ఉన్న నా పక్కన కావాలని వచ్చి కూర్చున్న మనిషిని చూసి చాలాకాలమైంది.

‘ఓ మాట సెప్పండి హెడ్డుగారూ’ అన్నాడు. ‘తాగీసి బండి తోలీవోడు ఇంకోడిని సంపుతాడు. ఆడిని పట్టండి, లోపలెయ్యండి, నాను కాదన్ను. నాను పడితే పగిలీది నా బుర్ర. మీది కాదు, పక్కోడిది కాదు. మరి నన్నెందుకండి పట్టడం?’

రూల్ అన్నాను.

‘రూలని నాకూ తెల్సండి. ఎందుకని అడుగుతన్నాను.’

నా దగ్గర జవాబు లేదు. ఆపమన్నారు, ఆపుతున్నాను. అతను మాత్రం ఆలోచించుకునే వచ్చాడు. పొద్దున్నే పొలానికి వెళ్తుంటే కాలవలో నీళ్లు వస్తున్నాయో లేదో చప్పుడు బట్టే తెలుస్తుందట, హెల్మెట్ పెట్టుకుంటే అది వినపడదట. ఎండలో చెమట కళ్లల్లోకి దిగుతుందట. పొలం నుంచి ఇంటికి నడిచినట్టు పోయే బండికి, వైజాగ్ రోడ్డు మీద దూసుకుపోయే బండికి ఒకే రూల్ ఏమిటట. ఆఖరికి అసలు బాణం తీశాడు.

‘సెరుకు సీజన్లో ట్రాక్టరు ట్రాలీల ఎనకాల లైటుంతాదేటండి? ఉండదు. రోడ్డు మీదే ఆపీసి టీకెలిపోతాడు. ఆడినెందుకాపరు? ఆపితే పెద్దోళ్ల ఫోనొస్తాది. నాకు ఫోన్ సేసీవోళ్లు లేరు గనక నా బుర్ర దొరికింది మీకు.’

ఇది రైతే రైతుల మీద చెప్పిన మాట. తనూ ట్రాలీలోనే చెరకు తోలేవాడు. ఆ సీజన్లో కొన్ని ట్రాలీలు ఆపించి వెనక ఎర్ర స్టిక్కర్లు అంటించాను. మట్టి కొట్టుకుని వారం తిరక్కుండానే అవి కనపడకుండా పోయాయి.

అప్పటినుంచి సాయంత్రం పూట అతనితో వాదించడానికే టీ కొట్టుకి వెళ్లేవాణ్ణి. పొద్దున ఫైన్ రాసి, సాయంత్రం పక్కపక్కన కూర్చుని టీ తాగేవాళ్లం. చూసినవాళ్లు నవ్వుకునేవారు. ఎండ గురించి కాకుండా నాతో మాట్లాడిన మనిషి ఊళ్లో అతనొక్కడే. అందుకే అతని బుర్ర క్షేమంగా ఉండాలని చట్టం కోరుకున్నదానికంటే నేను ఎక్కువ కోరుకున్నాను. నన్ను చూసి భయపడి కాకుండా తనంతట తాను పెట్టుకోవాలి. అదొక్కటీ జరిగితే నా ఉద్యోగానికి ఒక అర్థం ఉన్నట్టే అనుకున్నాను.

తువ్వాలు లెక్క

పై అధికారుల గురించి రాయకపోతే ఇది ఉద్యోగం కథ కాదు. నా పైన పనిచేసిన ఒక ఆఫీసరుకి ఒక అలవాటు ఉండేది. బండి ఆపిన వెంటనే, ‘ఒరే, ముందు ఆ హెల్మెట్ తీసి మాట్లాడు’ అనేవారు. మొదట్లో అందులో తప్పులేదు. మొహం చూడాలి, తాగాడేమో వాసన చూడాలి. రానురాను అది మర్యాద కింద మారిపోయింది. తియ్యడం ఆలస్యమైతే, ‘ఆఫీసరు ముందు నెత్తిన పెట్టుకుని మాట్లాడతావేట్రా’ అని చెయ్యెత్తేవారు. ఆయన్ని చూసి స్టాఫ్ అంతా అదే పాట.

దీనివల్ల ఏం జరిగేదో చెబుతాను. బుద్ధిగా హెల్మెట్ పెట్టుకుని వచ్చినవాణ్ణి ఆపి, అది తీయించి, కాగితాలు చూసి పంపించేవాళ్లం. వాడు దాన్ని మోచేతికి తగిలించుకుని బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయేవాడు. పెట్టుకుని వచ్చినవాడు మా దగ్గరికొచ్చి తీసేసి పోతున్నాడన్నమాట. ఒకసారి ఆయనతో అన్నాను కూడా. ‘ఇప్పుడు నువ్వు నాకు చెబుతావా’ అన్నట్టు ఒక చూపు చూసి ఊరుకున్నారు.

తర్వాత ఒక అమ్మాయి ఎస్సైగా వచ్చింది. చిన్న వయసు, పెద్ద గొంతు. ఆమె పద్ధతి వేరు. మాట్లాడడం అయిపోయాక బండివాణ్ణి కదలనిచ్చేది కాదు. హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద బెల్టు ‘టక్’మని పడ్డ చప్పుడు వినపడితేనే చెయ్యి తీసేది. ఆమె ఎక్కువకాలం ఉండలేదు, బదిలీ అయిపోయింది. నా సర్వీసంతటిలో పనికొచ్చే పద్ధతి ఒకటి చెప్పమంటే అదే చెబుతాను. హెల్మెట్ తిరిగి పెట్టించకుండా ఎవరినీ పంపకండి.

ఆఫీసరు ఒక్కర్నే అనడం కూడా న్యాయం కాదు. మా వైపు పెద్దవాళ్లు ఎదురుపడితే తలకి చుట్టిన తువ్వాలు తీసి భుజాన వేసుకోవడం మర్యాద. అమ్మవారి ఘటం వచ్చినా, ఊరి పెద్ద ఎదురైనా, శవం వెళ్తున్నా తల మీద గుడ్డ ఉండకూడదు. ఇప్పటి కుర్రాళ్లు తువ్వాలు చుట్టడం మానేశారు గానీ చెయ్యి మాత్రం అలవాటుగా తల మీదికి వెళ్తుంది. హెల్మెట్ కూడా తువ్వాలు లెక్కలోకే వచ్చింది. అత్తవారి ఊరి పొలిమేర రాగానే హెల్మెట్ తీసేసి, మిర్రర్‌లో జుట్టు సర్దుకుని, వట్టి తలతో ఊళ్లోకి వెళ్లే అల్లుళ్లని ఎంతమందిని చూశానో. మావగారి అరుగు ముందు నుంచి హెల్మెట్‌తో వెళ్లిపోతే అల్లుడికి పొగరని పేరు.

రూల్ రాసినవాళ్లకి ఈ సంగతి తెలిసి ఉండదు. ఆఫీసరు గొంతూ, ఈ ఊరి మర్యాదా కలిసి జనానికి ఒకటే నేర్పాయి. ఎదురుగా గౌరవించాల్సిన మనిషి ఉంటే తల మీద ఏదీ ఉండకూడదని.

కబురు

ఈ ఉద్యోగంలో అసలు పని ఫైన్లు రాయడం కాదు. చచ్చిపోయినవాడి ఇంటికి వెళ్లి చెప్పడం. అది ఎలా చెప్పాలో ఎవరూ నేర్పరు. స్టేషన్లో ఆ పని వచ్చినప్పుడు అందరికీ వేరే పనులు గుర్తుకొస్తాయి. నాకు పిల్లలు లేరు గనక నేనైతే తట్టుకుంటానని అందరూ అనుకునేవారు. ఎక్కువసార్లు నేనే వెళ్లాను.

ఒక మధ్యాహ్నం అనకాపల్లి రోడ్డులో ఒక కుర్రవాడు బండి మీద నుంచి పడ్డాడు. ఎక్కువ వేగం కూడా కాదు. కుక్క అడ్డం వస్తే బ్రేకు వేశాడు. ఒంటి మీద ఎక్కడా పెద్ద దెబ్బలు లేవు, తల ఒక్కటే తారుకి తగిలింది. ఆటోలోకి ఎక్కించేటప్పుడు ఆ తల నా చేతుల్లో ఉంది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. అడ్రసు చూస్తే సూర్నారాయణదీ ఇతనిదీ ఒకటే పల్లె. టీ కొట్టు దగ్గర సూర్నారాయణ కనిపిస్తే, ఇల్లు చూపించమని పిలిచాను. తన బండి మీద ముందు అతను, వెనక నా బండి మీద నేను వెళ్లాం.

కుర్రవాడి తల్లి వాకిట్లో కూర్చుని చోళ్లు, అదే రాగులు, చెరుగుతోంది. ఖాకీని చూడగానే చేట పక్కన పెట్టి లేచింది.

‘మావోడు మల్లా దొరికీసేడేటి బాబూ? ఎన్ని సార్లు సెప్పేను, పెట్టుకోరా అని! ఎంతంటే అంత కట్టీస్తాను బాబూ, ఆణ్ణి కొట్టకండి.’

ఆమె ఫైన్ అనుకుంది. నేను హెల్మెట్ తీసి బండి మీద పెట్టాను. దాని కింద పెట్టుకున్న చేతిరుమాలు కూడా తీశాను. వట్టి తలతో చేతులు కట్టుకుని నిలబడ్డ నన్ను ఆమె కాసేపు చూసింది. తర్వాత సూర్నారాయణ వైపు చూసింది. అతను అప్పటికే తువ్వాలు తీసేసి ఉన్నాడు. మేం నోరు విప్పకుండానే ఆమెకి తెలిసిపోయింది.

తిరిగి వస్తుంటే సూర్నారాయణ కాలవ గట్టు మీద బండి ఆపేశాడు. నేనూ ఆపాను.

‘బాబూ, ఈ పని ప్రెతీసారీ మీరే సేస్తారేటి?’

‘మరెవరు చేస్తారు?’

‘ఎవులూ తోడు రారా?’

‘రారు.’

ఇన్నాళ్లూ దొరకని జవాబు అప్పుడు నోటికొచ్చింది. ‘నీ బుర్ర నీదే సూర్నారాయణా, కాదనను. కాని అది పడేదాకానే. పడ్డాక దాన్ని ఎత్తేది నేను. మీ ఆవిడకి వచ్చి చెప్పేదీ నేనే. ఈ చేతులు కడుక్కుని ఇంటికెళ్లి ఒక్కణ్ణీ అన్నం తినాలి. నీ ఇష్టంలో నా వాటా ఇది’ అన్నాను.

అతను తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే జంక్షన్ దగ్గర ఎర్ర హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకడు నా ముందు బండి ఆపి, అద్దం ఎత్తాడు. సూర్నారాయణ. నేను ఆపమనలేదు.

‘పెట్టీసేను’ అన్నాడు. ‘సట్టానికి బయపడి కాదు. మీరు మా ఇంటికి రాకూడదని.’

మలుపు తిరిగాక

రిటైరయ్యాక నాకు మిగిలినవి పొద్దున పేపరు, సాయంత్రం నడక. యూనిఫాం తీసేస్తే జనం మామూలుగా మాట్లాడతారని ఆశపడ్డాను. మాట్లాడలేదు. అలవాటుగా ఎండ గురించే మాట్లాడారు. గోవాడ వైపు రోడ్డు మీద నడిచేవాణ్ణి, సూర్నారాయణ పొలం పనులు చూసుకుని ఆ టైముకి ఎదురుపడతాడని.

ఎదురుపడిన ప్రతిసారీ బండి ఆపి, ఒక కాలు నేల మీద పెట్టి, హెల్మెట్ తీసి మోచేతికి తగిలించుకునేవాడు. తియ్యకయ్యా అనేవాణ్ణి. ‘బావుంది, మీ ముందరా!’ అనేవాడు. అప్పటికే పూర్తిగా తీసేసి ఉండేవాడు.

చెరకు సీజన్. పొద్దు వాలింది గానీ ఇంకా చీకటి పడలేదు. ఆ సాయంత్రం కూడా అలాగే ఆగాడు.

‘ఏటండి హెడ్డుగారూ, రిటైరైపోయినా రోడ్డుని ఒదల్లేదేటి?’

నవ్వాను. కోతకి మనుషులు దొరకడం లేదని చెప్పాడు. మోకాలు ఎలా ఉందని నన్ను అడిగాడు. ఇలాంటివే, చెప్పుకోవడానికి ఏమీ లేని కబుర్లు. వాటి కోసమే నేను అంత దూరం నడిచేది. బయల్దేరబోతుంటే, ‘పెట్టుకో’ అన్నాను. ఎప్పుడూ అనేదే.

‘పెడతానండి. మీ మొహమ్మీదే పెట్టీసుకుని ఎలిపోతే ఏం బాగుంతాది? ఆ మలుపు తిరిగీసి పెట్టీసుకుంటాను.’

‘ఇక్కడే పెట్టుకో’ అని మళ్లీ అన్నాను. తల ఊపి, ఖాళీ చెయ్యి నుదుటికి తాకించి, గేరు వేశాడు. పెద్దవాళ్ల ముందు సిగరెట్ దాచే కుర్రాడి మర్యాద అది. అంత వయసు వచ్చినా వదల్లేదు.

మలుపు అవతల చెరకు ట్రాలీ ఒకటి టైరు పోయి రోడ్డు మీదే నిలబడి ఉంది. వెనక లైటు లేదు. చప్పుడు నాకు వినపడింది. పరిగెత్తాను, మోకాలు నొప్పి కూడా తెలియలేదు. వెళ్లేసరికి అతను ట్రాలీ వెనక చక్రం దగ్గర పడి ఉన్నాడు. ఎర్ర హెల్మెట్ మోచేతికే ఉంది. ఒక్క గీత పడలేదు దాని మీద. మలుపు తిరిగాడు, ఇంక పెట్టుకోవాలి, అంతే.

సూర్నారాయణ అన్న మాటే జరిగింది, ట్రాలీకి లైటు లేదు. నేనన్న మాటా జరిగింది, తల మీద హెల్మెట్ లేదు. ఎవరి మాట నిజమైందో చెప్పుకోవడానికి ఎదుట మనిషి లేడు. ఉద్యోగంలో లేకపోయినా వాళ్లింటికి నేనే వెళ్లాను. ఇంకెవరినీ వెళ్లనివ్వలేదు.

అతని భార్య అప్పలనరసమ్మ పెద్దకర్మ రోజున నన్ను పక్కకి పిలిచి కూర్చోబెట్టింది. ఏమైనా అంటుందేమో, అంటే పడదామని సిద్ధంగా ఉన్నాను. ఆమె అలాంటిదేమీ అనలేదు.

‘ఆరికి మీరంటే ఎంత మర్యాదో బాబూ. మా మావగోరి ముందర కూడా తువ్వాలు తీసీవోరు కాదు, అంత మొండిగటం. మీరు కనబడితే మాత్రం తీసీసీవోరు. హెడ్డుగారి ముందర నెత్తి మీద ఏటీ ఉండకూడదే అనీవోరు.’

ఆమె నన్ను మెచ్చుకోవడానికే ఆ మాట అంది. అందరూ విన్నారు, తలలూపారు. ఇంటికి వచ్చాక తలుపు వేసుకుని ఏడ్చాను. మా ఆవిడ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

నా జవాబు

మోటారు సైకిల్ నడిపేవాడి ఇష్టంలో చట్టం జోక్యం చేసుకోవాలా అని కొత్తగా చేరేవాళ్లు అడిగితే, చేసుకోవాలనే చెబుతాను. ఎవడి తలా వాడొక్కడిదే కాదు. చోళ్లు చెరిగే తల్లిది, ఎత్తే కానిస్టేబుల్‌ది, రోజూ సాయంత్రం ఎదురుచూసేవాడిది కూడా. అయితే హెల్మెట్ లేనివాణ్ణి ఆపి, లైటు లేని ట్రాలీని వదిలేసే చట్టాన్ని జనం గౌరవించరు. గౌరవించక్కర్లేదు కూడా. ఇంకో మాట, మనల్ని చూసి పెట్టుకోవడం నేర్పకండి. మనల్ని చూసి పెట్టుకునేవాడు మనల్ని చూసే తీస్తాడు. ముఖ్యంగా ఎవరినీ ‘తీసి మాట్లాడు’ అనకండి. మీకు మర్యాద కావాలంటే ఇంకోచోట చూసుకోండి.

నేను ఇప్పటికీ సాయంత్రం పూట నడుస్తాను. వెనక నుంచో ఎదురుగానో బండి చప్పుడు వినపడితే పొలాల వైపు తిరిగి నిలబడతాను. ఇన్నేళ్లు నేను ఆపినవాళ్లు, తిట్టినవాళ్లు, ఇప్పుడు పెద్దవాణ్ణయ్యానని దయతలిచి పలకరించాలనుకుంటారు. పలకరిస్తే చెయ్యి తల మీదికి వెళ్తుంది. తియ్యకండి అని చెప్పి చూశాను. ‘అయ్యో, మీ ముందరా’ అంటూ తీసి మరీ వింటారు. అందుకని మొహం తిప్పుకోవడమే నయం అనిపించింది. హెడ్డుగారికి రిటైరయ్యాక పొగరెక్కిందని ఊళ్లో అనుకుంటున్నారట. మంగలి చెప్పాడు. అనుకోనివ్వండి. పలకరింపు లేకుండా రోజులు గడపడం నాకు కష్టంగానే ఉంది, అబద్ధమెందుకు. ఒక్కోసారి ఎవరి భుజమైనా పట్టుకుని ఆపి, కోతలు ఎలా ఉన్నాయని అడగాలనిపిస్తుంది.

నిన్న అలాగే నిలబడి ఉంటే ఒక బండి నా వెనక ఆగింది. ‘హెడ్డుగారూ’ అని పిలిచారు. ఎవరో తెలియలేదు. నేను తిరగలేదు. ఇంకోసారి పిలిచారు. గొంతు ఏదో మూత వెనక నుంచి వచ్చినట్టు బొంగురుగా ఉంది. అంటే హెల్మెట్ ఇంకా నెత్తి మీదే ఉందన్నమాట. కదలకుండా పొలం వైపు చూస్తూ నిలబడ్డాను, బండి మళ్లీ గేరు పడి వెళ్లిపోయేదాకా.